వేదగ్రంథంలో రెండు చీట్లు

మార్తా, నువ్వు పోయి నేటికి ఏడాది. మన అమ్మాయికి బెంగుళూరులోనూ హైదరాబాదులోనూ నర్సు పని దొరికింది. మైసూరు సంస్థానమో, నైజామో, అమ్మాయితో నేనూ వెళ్ళాలి. చీట్లు తీసి దారి తేల్చుకోవడం సాతాను పని అని సంతల్లో సువార్త చెబుతూ గొంతు చించుకున్నవాణ్ణి, యేసు శిష్యులు అపొస్తలులూ వేశారు కదా అని సర్దుకుని, అమ్మాయితో ఊరికొకటిగా రెండు రాయించి వేదగ్రంథంలో పెట్టి ప్రార్థించాను. తీస్తే హైదరాబాదు వచ్చింది. మనసొప్పక రెండోదీ విప్పాను. అదీ హైదరాబాదే.

“ఏందే ఇది?” అన్నాను.

“దేవుడు తడబడకుండా నేనే సాయం చేసినా నాయనా. బెంగుళూరైతే దగ్గర గదా, వారం వారం పలమనేరులో అమ్మ గోరీ కాడికి ఉరికొస్తావు. ఆమెను ఈడనే పండుకోనీ.”

సరేనన్నాను. దీపం పెట్టే వేళకు వంటింట్లో నీ దగ్గు వినిపిస్తుందని దానికి ఏనాడూ చెప్పలేదు. అంతలో నువ్వు దగ్గావు. అమ్మాయి కూడా అటు తిరిగి చూసింది.