ఇరవై ఏడు కిలోల బెల్లం

గురువారం రాత్రి, హన్మకొండ

పిల్లల రక్త క్యాన్సర్ మీద డాక్టరమ్మ రాసిన వ్యాసం ఒక వైద్య పత్రికలో అచ్చయింది. దాని మీద మా పేపర్‌కు వార్త రాయడానికి నిన్న వెళితే అందులోని గ్రాఫ్ చూపించింది. గీత కిందికి దిగిన ప్రతి మెట్టూ చనిపోయిన ఒక బిడ్డ. ఒకచోట మాత్రం మెట్టు లేకుండా గీత మీద చిన్న గుర్తు ఉంది. "ఈ బాబు దవాఖానకు వచ్చుడు బంద్ చేసిండు. చివరిసారి వచ్చిన రోజు దాకా బతికున్నట్టే లెక్క. మీరు ఊర్లు తిరుగుతరు గదా అన్నా, జర కనుక్కోండ్రి" అని ఊరి పేరు రాసిచ్చింది.

ఇవాళ రఘునాథపల్లి వెళ్లాను. బాబు తల్లి సరోజన వాకిట్లోనే ఎదురైంది. "మంచిగున్నడు సార్. మొన్న మేడారం జాతరల నిలువెత్తు బెల్లం మొక్కు తీరిస్తే, ఇరవై ఏడు కిలోలు తూగిండు" అంది. నమ్మి రాసుకున్నాను.

బండి తీస్తుంటే పక్కింటి ముసలమ్మ ఆపింది. "పిల్లగాడు పోయి నాలుగేండ్లాయె కొడుకా. జాతర జాతరకు ఆని ఈడున్న వేరే పోరన్ని తక్కెట్ల కూసోబెట్టి మొక్కు తీరుస్తది."

వెనక్కి వెళ్లి, డాక్టరమ్మకు నిజం కావాలని సరోజనతో చెప్పాను.

"ఆ కాయితంల మావోడు ఉన్నట్టే రాసిండ్రా సార్?"

ఉన్నట్టే, అన్నాను.

"ఇంకేంది మరి" అని, ఇంట్లోకి తిరిగి కేకేసింది. "అరేయ్, డాక్టరమ్మ నిన్ను అడిగిందటరా!"

జవాబు కోసం నేను కూడా కాసేపు నిలబడ్డాను.

డాక్టరమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. ఇంకా ఎత్తలేదు.