పెద్దాయన విన్న శబ్దం

మేడ్చల్, జూలై 2008, మంగళవారం.

మీరు కన్నుమూసిన ఏడాదికి కారు కంపెనీ నుంచి మీ పేరున ఉత్తరం వచ్చింది, అందుకే రాస్తున్నాను. స్టీరింగ్ కింది రాడ్డులో లోపముందట, ఉచితంగా మారుస్తారట. శామీర్‌పేట మలుపులో టక్కుమంటుందని మీరు చెప్పినప్పుడల్లా షోరూమువాళ్లు "పెద్దాయన చెవుల్నే మోగుతాంది" అని నవ్వి, బండి కడిగి పంపేవారు. నేను మీ మాటే నమ్మాను. మనవరాలు సుజాత ఎంత అడిగినా ఏడాదిగా తాళంచెవి ఇవ్వలేదు.

ఈరోజు షోరూమువాళ్లే వచ్చి బండిని లాక్కెళ్లారు. వెనకే సుజాతా నేనూ ఆటోలో వెళ్లాం. మీరు ఎప్పుడూ అడిగినట్టే, మార్చి తీసేసిన పాత రాడ్డును డిక్కీలో పెట్టమన్నాను.

"ఇయ్యరాదవ్వా, కంపెనీకి పంపాలె," అన్నాడు సూపర్‌వైజర్.

"పంపుకో బిడ్డా. ముందుగాల నాకు చూపియ్యి."

తెచ్చాడు. రాడ్డు చివర వెంట్రుకంత పగులు ఉంది.

"పెద్దాయన జెప్పిందే నిజమైంది," అన్నాడు.

"గా మాట ఆయనున్నప్పుడు అనకపోతివి."

తిరిగొచ్చేటప్పుడు సుజాతను బండి నడపమని, శామీర్‌పేట మలుపు మీదుగా పోనిమ్మన్నాను. అద్దాలు దించి విన్నాం. శబ్దం లేదు.

ఇక జరగాల్సినవి:

1. తాళంచెవి ఇక సుజాతకే ఇచ్చేయాలి.
2. బండి కాగితాల్లో మీ పేరు మార్పించాలి.
3. సీటు ముందుకు జరపాలి. అది మీరు ఉంచినచోటే ఉంది. పిల్ల నన్ను అడగలేక, నా శాలువా మడిచి వీపు వెనక పెట్టుకుని నడిపింది.