దీవి నుంచి రెండో అమ్మాయి

తొయామా, ఏప్రిల్ 1997

గౌరవనీయులైన తొకునగా మాస్టారికి,

చేరగానే రాస్తానన్నాను, ఆలస్యమైంది. తిట్టకండి. మీరు నేర్పిన ఫుట్‌బాల్ ఆడితే బట్టల మిల్లు వాళ్ళు జీతమిస్తారంటే నాన్న ఇప్పటికీ నమ్మడం లేదు. మా కెప్టెన్ ఒరియే అక్క నా యాస విని రోజూ ఏడిపిస్తోంది. “ఏమే దీవి పిల్లా, మీ ఊళ్ళో బంతి సముద్రంలో పడితే ఎలా తెచ్చుకుంటారే?” అంది. “గోల్‌కీపర్ని తోసేస్తాం” అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు, మా గోల్‌కీపరు తప్ప!

శనివారం ఆట చివర్లో కాసేపు దింపారు. ఎదురుగా జపాన్ జాతీయ జట్టు అమ్మాయి. దాటేశాను మాస్టారూ! రెండోసారి ఆవిడే నన్ను పడేసి, చెయ్యిచ్చి లేపి, “కొత్తపిల్లవా?” అంది. ఆ మాటకే పొంగిపోయాను. మోకాలు కాస్త వాచింది, అంతే.

మీ శిష్యురాలు,
మిజుహో


సాదో దీవి, సెప్టెంబరు

ప్రియమైన మిజుహో,

మీ నాన్న చేపల కొట్లో నీ ఫోటో తగిలించాడు. ఎవరొచ్చినా ముందు నీ కబుర్లు వినాలి, ఆ తర్వాతే చేప. వాపు తగ్గడం లేదని రాశావు. మొదటి ఏడాది అందరికీ ఎక్కడో ఒకచోట నొప్పే. తట్టుకో తల్లీ. బెంచీ మీద కూర్చుంటే నిన్నెవరూ గుర్తుపెట్టుకోరు.

ఆశీస్సులతో,
తొకునగా


సాదో దీవి, జనవరి

ప్రియమైన మిజుహో,

నా ఉత్తరాలకు జవాబే లేదు. అంత తీరిక లేకుండా ఉన్నావా? ఒక శుభవార్త. మీ జట్టువాళ్ళు అక్టోబరులో వచ్చి మన స్కూలు మినోరి ఆట చూశారు, ఇప్పుడు తీసుకుంటామని కబురు పెట్టారు. వాళ్ళ నాన్న వెనకాడుతున్నాడు. “మిజుహో సరేనంటే పంపుతాను” అంటున్నాడు. ఆయనకు ఒక్క మాట రాసిపెట్టు.

నీ మాస్టారు,
తొకునగా


తొయామా, ఫిబ్రవరి

మాస్టారూ,

నవంబరులో నా మోకాలు పోయింది. ఎవరూ తగల్లేదు. పరుగెత్తుతూ పక్కకు తిరిగాను, లోపల తడిగుడ్డ చిరిగినట్టయింది. అప్పటికే ఇంజెక్షన్లతో ఆడుతున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. “ఆడగలవా?” అనేవారు, “ఆడతాను” అనేదాన్ని. ఇక్కడ అందరం అలాగే అంటాం.

ఆపరేషనయింది. నడకకు ఇబ్బంది ఉండదన్నాడు డాక్టరు. పరుగు సంగతి అడిగితే కిటికీ వైపు చూశాడు. ఇప్పుడు అదే మిల్లులో పెట్టెలకు చీటీలు అంటిస్తున్నాను. భోజనాల దగ్గర జట్టువాళ్ళు కనబడితే వేరే బల్లకు పోతాను. ఒరియే అక్క మొదట్లో పిలిచేది, ఇప్పుడు పిలవడం లేదు. వచ్చే ఏడాది జట్టునే ఎత్తేస్తారని అనుకుంటున్నారు. పొద్దున్నే లేవాలంటే కారణం వెతుక్కోవలసి వస్తోంది.

నాన్నకు చెప్పలేదు. మీరూ చెప్పకండి. మినోరిని మాత్రం పంపకండి. వద్దని వాళ్ళ నాన్నగారికి నేనే రాశాను.

మిజుహో


సాదో దీవి, మార్చి

మిజుహో,

తట్టుకోమన్నది నేనే.

నీ ఉత్తరం చదివి మినోరిని పంపనన్నాడు వాళ్ళ నాన్న. ఆ పిల్ల అన్నం మానేసింది. ఇవాళ ఇంట్లో చీటీ పెట్టి, ఓడెక్కి నీగాటా వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న ఏడుస్తున్నాడు. అక్కడ బంధువులింట్లో ఉండి, గురువారం మధ్యాహ్నం రైలుకు మీ ఊరొస్తుందట. స్టేషనులోనే ఆపి వెనక్కి పంపు. నీ మాటైతే వింటుంది.

తొకునగా


తొయామా, మార్చి

మాస్టారూ,

వెళ్ళాను. తిరుగు టికెట్టు కూడా కొని ఉంచాను. మినోరి నన్ను చూసి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. బెంచీ మీద కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. ప్యాంటు పైకి లాగి కుట్ల మచ్చ చూపించాను. వేలితో తడిమి, “నొప్పా అక్కా?” అంది. “చలికి” అన్నాను. జట్టు ఉంటుందో పోతుందో తెలియదన్నాను. ఖాళీ గ్యాలరీల ముందు ఆడాలన్నాను. “మీ నాన్న ఏడుస్తున్నాడే” అన్నాను.

తలవంచుకుని అంతా విన్నది. మనసు మారుతోందనే అనుకున్నాను. చివరికి తలెత్తి మెల్లగా అడిగింది: “అక్కా, జట్టులో నీ చోట ఇప్పుడు ఎవరాడుతున్నారు?”

నాకు కోపం రాలేదు మాస్టారూ. ఆ వయసులో నేనైనా అదే అడిగేదాన్ని. ఎవరో ఆడుతున్నారని అబద్ధమాడదామనుకున్నాను, నోరు రాలేదు.

ఇంకా ఎవరూ లేరని చెప్పాను. తిరుగు టికెట్టు నా దగ్గరే ఉండిపోయింది.

మిజుహో