వలకు కట్టిన ఫోన్లు

విజయనగరం

కళింగపట్నం నూకయ్య బావకు,

కోపంతోనే రాస్తున్నాను. రీసైక్లింగుకి పంపుదామని నేను మీ ఊరంతా తిరిగి పోగుచేసి, మీ ఇంట్లో పెట్టిన పాత సెల్‌ఫోన్లను వలకు బరువులుగా కడతావా?

ఫోనులో నిలదీస్తే, "పాత సామాను పారీకండి, మళ్ళీ వాడండని మీటింగులో సెప్పినోడివి నువ్వే కదేటి బావా!" అన్నావు. అవును, చెప్పాను. సముద్రంలో వాడమన్నానా? ఉప్పునీటికి బ్యాటరీలు చివికి విషం దిగుతుంది. ఆ నీటి చేపల్నే కదా మనం తినేది!

వెంటనే విప్పి, ఇసక పోసిన డబ్బాలో పెట్టి, ఆరుబయట ఉంచు; తడిసిన బ్యాటరీలు అంటుకునే ప్రమాదముంది. శుక్రవారం రీసైక్లింగు వాళ్ళను వెంటబెట్టుకొస్తాను. నీ వలకి ఇనప గుళ్ళు కూడా తెస్తాను.

నిన్న నువ్వు పంపిన చేపల్ని ముట్టనని భీష్మించుకుని మీ చెల్లెలికి ఉపన్యాసమిస్తుంటే, మా పిల్లి తినేసింది. దానికేమీ కాలేదు. అయినా నా వాదన వాదనే. ఫోన్లు విప్పు!

కోపం తగ్గని
నీ బావ