గేటు బయట నిలబడ్డ మనిషి

మాధవరం తోట, 1956 ఆగస్టు, మంగళవారం రాత్రి

పోయిన నెల పోస్టుమాన్ గోడమీద పెట్టిపోయిన నాన్న పార్సెల్‌ని ఎవడో ఎత్తుకుపోయాడు. దాంతో బి.ఏ. పట్టభద్రుడనైన నేను మా కాపలా మునెయ్యకు శాసనాలు జారీ చేశాను. పార్సెల్ తెచ్చినవాళ్ళు ఎవరైనా సరే, గేటు తీయకూడదు. కమ్మీల సందులోంచే పుచ్చుకోవాలి. ఇంట్లో ఎవరున్నారో చెప్పకూడదు. వచ్చినవన్నీ దీపాలవేళ నాకు అప్పగించాలి. పంతులులా కూర్చోబెట్టి రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను కూడా.

ఈ సాయంత్రం మునెయ్య ఒక పొట్లం తెచ్చిచ్చాడు. విప్పితే, కాలేజీలో నాతో చదివిన కమలకు అప్పట్లో నేనిచ్చిన పుస్తకాలు.

"ఎవరు తెచ్చారు మునెయ్యా?"

"ఎవురో పాప, చిన్నయ్యా. మద్దేనం వచ్చె. మీరుండారా అని మూడుతూర్లు అడిగె. నేను నోరు తెరిస్తే కదా! ఎండలో శానాసేపు ఆడ్నే నిలబడి, చీటీ ఒకటి రాసి దాంట్లో పెట్టి పోయె."

ఆ శుభసమయంలో శాసనకర్తగారు లోపల బోర్లా పడుకుని నిద్రపోతున్నారు.

చీటీ పెన్సిల్‌తో రాసింది. "సాయంత్రం మా ఇంట్లో తాంబూలాలు. ఆలోగా మీ నోట ఒక్కమాట విందామని వచ్చాను. వరండాలో మీ సైకిలు కనిపిస్తూనే ఉంది. అయినా గేటు తీయించలేదు. అర్థమైంది."

అప్పటికే ఏడు దాటింది. మైలాపూరులో కమల ఇంట్లో తాంబూలాలు మార్చుకోవడం అయిపోయే ఉంటుంది.

మునెయ్య ఇంకా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. "మీరు చెప్పినట్టే చేసినా కదా, చిన్నయ్యా?"

చేశావన్నాను. ఒక్క తప్పు కూడా లేదన్నాను.