దయ్యాన్ని అలాగే ఉండనివ్వండి

రచయిత్రి గారికి నమస్కారం.

మీ హత్యల సీరియల్‌లోకి దయ్యం వచ్చిందని పాఠకులంతా మిమ్మల్ని తిట్టిపోస్తున్నారట. మనసు కష్టపెట్టుకోకండమ్మా. నాకైతే ఆ దయ్యం మేలే చేసింది.

నేను కార్వాన్ బస్తీలో బర్రెలు పెట్టుకుని ఇంటింటికీ పాలు పోస్తుంటాను. గల్లీలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి మీ సీరియల్ చదివి వినిపించేది మా అమ్మాయి వర్షితే. మీ ఇన్‌స్పెక్టర్ అనుమానించిన పాలవాడిలాగే నేనూ ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాను. బర్రె తన్నిన కాలది. అంతే, హంతకుణ్ణి నేనే అన్నట్టు చూడసాగారు. నవ్వుతూనే పలకరించేవారు గానీ, పాలగిన్నె గడప బయట పెట్టి తలుపు వేసుకునేవారు.

మొన్నటి భాగంలో చంపింది దయ్యమని తేలింది. మర్నాడు పొద్దున్నే గాజులమ్మే మహబూబ్ బీ తలుపు బార్లా తీసింది.

"మాఫ్ చెయ్ భాయ్, ఊకెనే నీ మీద షక్ చేసినం. లోపలికొచ్చి చాయ్ తాగి పో" అన్నది.

ప్రాణం లేచొచ్చింది.

ఒక్కటే మనవి. ఆఖరికి ఆ దయ్యం కూడా వేషం కట్టిన మనిషేనని మాత్రం తేల్చకండి. మా గల్లీలో కుంటి పాలవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇట్లు,
మీ దయ్యం పక్షాన ఉన్న ఒక శ్రోత