పెద్దల్లుడా, చిన్నల్లుడా

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. ప్రెస్సులో మిషన్ల మోత వల్ల ఫోన్లో నువ్వు చెప్పేది సగం వినపడదు, వినపడిన సగం నాకు అర్థం కాదు. అందుకే ఉత్తరం.

మనకి ఈసారి బడి పుస్తకాల పని వచ్చింది. బళ్లు తెరిచేలోపు ఇచ్చెయ్యాలి. పేజీలను అచ్చుకి సిద్ధం చేసే మన కంప్యూటర్ చూస్తే, ఒక్క పుస్తకంతో పొద్దున్న కూర్చుని సాయంత్రానికి గానీ లేవడం లేదు. పోయినేడు పక్క కొట్టులో దొంగలు పడ్డారు కదా, అప్పటి నుంచీ దానికీ బెంగ పట్టుకున్నట్టుంది. ఆ వారం నుంచే నెమ్మదించింది.

ఇద్దరు వ్యాపారులు చెరో సర్వర్ తెచ్చి, వాడి చూసి నచ్చితే కొనుక్కోమని వదిలి వెళ్లారు. లోపలున్న ప్రాసెసర్లు వేరువేరట. ఖరీదైనదానికి పెద్దల్లుడని పేరు పెట్టాను, రెండోది చిన్నల్లుడు. కూతుళ్లు లేని లోటు మాకు ఇలా తీరింది. నువ్వు రోజూ సర్వర్లను పరీక్షించే ఉద్యోగం చేస్తున్నావు కాబట్టి, ఎవరిని ఉంచుకోవాలో నువ్వే చెప్పాలి.

కొనాలంటే మాత్రం తాతయ్య తొక్కి అచ్చువేసిన ఆ పాత కాలి మిషన్ అమ్మక తప్పదు. పాత ఇనుము కొనేవాడు వచ్చి చూసి వెళ్లాడు. నాకు మనసొప్పడం లేదు. కానీ ఈ పని చేజారితే ప్రెస్సే నిలబడదు.

ఉంటాను,
బాబాయి

తా.క.: మీ పిన్ని అలవాటు చొప్పున ఈ ఉత్తరాన్ని కూడా ప్రూఫు చూసి మూడు తప్పులు పట్టింది. నాలుగోది తను నన్ను చేసుకోవడమట. అది ఇప్పుడు దిద్దడానికి వీల్లేదని వదిలేసింది.

బాబాయికి,

నమస్కారాలు. ముందు కాలి మిషన్ సంగతి. దాన్ని అమ్మితే నేను ఊరుకోను. నేను అక్షరాలు బళ్లో నేర్చుకోలేదు. దాని పక్కన పీట వేసుకుని, తాతయ్య ఏరి ఇచ్చిన సీసం అక్షరాలు తడుముతూ నేర్చుకున్నాను. కాబట్టి తక్కువ ఖర్చులో గట్టెక్కే దారి చూద్దాం.

ప్రాసెసర్‌లో కోర్లని ఉంటాయి. ఒక్కో కోరూ ఒక్కో పనివాడనుకో. పెద్దల్లుడి దగ్గర అరవైనలుగురున్నారు, ఒక్కొక్కడూ నిదానస్తుడు. చిన్నల్లుడి దగ్గర పదహారుమందే గానీ చెయ్యి చురుకు. ఒక్క పేజీ ఇస్తే చిన్నల్లుడు ముందు ముగిస్తాడు. పుస్తకం మొత్తం పంచి ఇస్తే పెద్దల్లుడు గెలవాలి. ఇద్దరికీ ఒకే పుస్తకం ఇచ్చి, ఎంతసేపు పట్టిందో, ఎంత కరెంటు తాగారో రాసి పంపు. ఖరీదు చూసి భయపడకు, మురిసిపోకు. ఒక్కో పేజీకి ఎంత పడుతోందన్నదే అసలు లెక్క.

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: ఈ ఉత్తరంలో కావాలనే ఒక తప్పు వదిలాను. పిన్నికి కాలక్షేపం కావాలి కదా.

చిరంజీవి అమ్మడికి,

దీవెనలు. నువ్వు చెప్పినట్టే పోటీ పెట్టాను. మొదట్లో ఇద్దరూ పరుగులు తీశారు, నేను పొంగిపోయాను. కాసేపటికి చిన్నల్లుడు చతికిలబడ్డాడు. ఇంకాసేపటికి పెద్దల్లుడూ అదే దారి పట్టాడు. పుస్తకం ముగిసేసరికి ఇద్దరూ మన పాత కంప్యూటర్ సరసన చేరారు. అత్తారింట్లో అడుగు పెట్టాక అల్లుళ్లు ఒళ్లు వంచుతారా అని మీ పిన్ని అంటోంది.

నా వైపు నుంచి ఏ పక్షపాతమూ లేదు. ఇద్దరికీ ఒకే చోటు, ఒకే కరెంటు. దుమ్ము కూడా పడనివ్వలేదు. ఒక్క అనుమానం. మా బైండింగు వాళ్లకి మధ్యాహ్నం కాస్త విశ్రాంతి ఇస్తాం. ఆ అరవైనలుగురికీ అలాంటి పద్ధతి ఏదైనా ఉంటే తెలియజెయ్యి.

ఉంటాను,
బాబాయి

తా.క. (పిన్ని రాస్తున్నది): అమ్మడూ, నువ్వు కావాలని వదిలిన తప్పు ఒకటి, తెలియక వదిలినవి నాలుగు. ఇక్కడ ముసురు వదలడం లేదు. అయినా బీరువాలో పెట్టిన తడి ప్రూఫు కాగితాలు ఇట్టే ఆరిపోతున్నాయి. అల్లుళ్లు వచ్చిన వేళావిశేషం అనుకుంటున్నాను.

బాబాయికి,

నీ లెక్కలు చూసి మా ఆఫీసులో అందరూ భోజనాలు పక్కన పెట్టి తర్జనభర్జన పడ్డారు. ఆ రెండు ప్రాసెసర్లూ మన పాతదానికి సమానమవడం జరగని పని. నాకు తెలిసి ఇందులో మోసం ఉంది. పెట్టె కొత్తది, లోపలిది పాతది అయ్యుంటుంది. వ్యాపారులిద్దర్నీ గట్టిగా నిలదియ్యి. కోర్లకి విశ్రాంతీ గిశ్రాంతీ అక్కర్లేదు.

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: పిన్నీ, కాగితాలు ఆరడం వాతావరణం సంగతి. అందులో అల్లుళ్ల ఘనత ఏమీ లేదు.

చిరంజీవి అమ్మడికి,

నిలదీశాను. పెద్దల్లుడి వ్యాపారి అలిగి ఫోన్ పెట్టేశాడు. చిన్నల్లుడి వ్యాపారి తన నిజాయితీ గురించి చాలాసేపు చెప్పాడు, మోతలో నాకు వినపడలేదు. ఇన్నాళ్లూ ఎదురుపడితే మొహాలు తిప్పుకునే ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే టీ కొట్టులో కూర్చుని నన్ను తిడుతున్నారట.

ఇక నాన్చలేను. ఒక్కడితో పని తెమలదని తేలింది కాబట్టి ఇద్దర్నీ కొనేసి చెరి సగం పుస్తకం అప్పగిస్తాను. ఇనుము వ్యాపారి శుక్రవారం లారీ తెస్తానన్నాడు. నిన్న కాలి మిషన్‌ని తుడిచి నూనె వేశాను. పోయేదానికి నూనె ఎందుకని ఎవరూ అడగలేదు. మీ పిన్ని ఆ గదిలోకే రాలేదు. నాకు చాలా కష్టంగా ఉందమ్మా.

ఉంటాను,
బాబాయి

తా.క. (పిన్ని): ఒక్కర్నే కొనాల్సి వస్తే నా ఓటు చిన్నల్లుడికి. వాడు పని మొదలుపెడితే బీరువా పిడిని గుడ్డ లేకుండా పట్టుకోలేం. పిల్లి బీరువా మీద నుంచి దిగడమే మానేసింది. దొంగల భయం కూడా లేదు. పోయినేడు పాతదాన్ని పెట్టినట్టే అల్లుళ్లనీ ఇనప బీరువాలో పెట్టి, వెనక చిన్న కన్నంలోంచి తీగలు లాగి, తాళం వేశాం.

బాబాయికి,

ఇది చదువుతూనే లేచి వెళ్లి బీరువా తలుపు తెరువు. మూడింటినీ బయటికి తీసి గాలి తగిలే చోట పెట్టు. వేడెక్కితే ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇన్నాళ్లూ నువ్వు పోటీ పెట్టింది అల్లుళ్లకి కాదు, బీరువాకి. పాతదానికి పట్టిన బెంగ కూడా అదే. లారీని ఆపు, నీకు పుణ్యముంటుంది.

కంగారులో,
నీ అమ్మడు

తా.క.: పిన్నీ, క్షమించు. కాగితాలు ఆరడం ముమ్మాటికీ అల్లుళ్ల ఘనతే.

చిరంజీవి అమ్మడికి,

నిండు మనసుతో దీవెనలు. నీ ఉత్తరమూ లారీ ఒకే పొద్దున వచ్చాయి. లారీవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి మూడింటినీ బయటికి తీశాం. ఈసారి పెద్దల్లుడు నేను టీ తాగి వచ్చేలోపు పుస్తకం ముగించాడు. చిన్నల్లుడు ఒక్క పేజీ ఇస్తే రెప్పపాటులో తెచ్చాడు గానీ, పుస్తకం మొత్తానికి వెనకబడ్డాడు, కరెంటూ ఎక్కువే తాగాడు. పేజీ లెక్కన పెద్దల్లుడే లాభం, నువ్వు చెప్పిందే నిజం.

అయితే మన పాతవాడికి గాలి తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం భోజనానికి ముందే పుస్తకం చేతిలో పెట్టాడు. మన పనికి అది చాలు. వ్యాపారులిద్దరికీ అదే టీ కొట్టులో టీ ఇప్పించి, తప్పు నాదని ఒప్పుకుని, అల్లుళ్లను మర్యాదగా సాగనంపాను. పని పెరిగిన నాడు పెద్దల్లుణ్ణి పిలుస్తానని మాటిచ్చాను.

వచ్చిన లారీని ఖాళీగా పంపడం బాగుండదు కదా. బీరువాని ఎక్కించి పంపాను.

ఈ ఉత్తరం చేతిరాత కాదని ఈపాటికి గమనించే ఉంటావు. మీ పిన్ని సీసం అక్షరాలు కూర్చింది, నేను తాతయ్య మిషన్ తొక్కాను. మోకాళ్లకి నొప్పి, మనసుకి హాయి. నీ పీట దాని పక్కనే ఉంది.

ఉంటాను,
బాబాయి

తా.క. (పిన్ని): బీరువా పోయింది, ముసురు పోలేదు. కాగితాలు ఆరడం లేదు, పిల్లి మీ బాబాయితో మాటలు మానేసింది. నాకు వేగంతో పని లేదమ్మా. కేవలం ఆరబెట్టడానికైతే ఇద్దరల్లుళ్లలో ఎవరు మేలో, ఒక్కో కాగితానికి ఎంత పడుతుందో లెక్క కట్టి వెంటనే రాయి.